పెనం మీద చేప: ఆరో ఆదివారం

నాన్నకు రక్తపోటు ఉందని తేలాక ఇంట్లో ఉప్పూ నూనే తగ్గాయి, వాటితోపాటు చేపల వేపుడూ పోయింది. ఆదివారం రాత్రి కంచంలో చేప లేకపోతే ఆయనకు తిన్నట్టే ఉండదు. అందుకే నెలన్నరగా నేనే వండుతూ, ప్రతిసారీ ఏం జరిగిందో రాసుకుంటున్నాను.

మొదటి రెండు వారాలు రామ్‌నగర్ మార్కెట్లో బొచ్చె తెచ్చాను. అల్లంవెల్లుల్లి, పెరుగు, కారం, ధనియాల పొడి కలిపి దట్టంగా పట్టించి, రెండు చెంచాల నూనెతో పెనం మీద పెట్టాను. రెండుసార్లూ మసాలా మాడింది, తోలు పెనానికి అంటుకుంది, వెన్నుముల్లు దగ్గర పచ్చిగానే మిగిలింది. ఆ తడి మసాలా వేపుడులో నూనె ఎక్కువగా ఉంటే నిలుస్తుంది. నూనె తగ్గించినప్పుడు ముందు తగ్గాల్సింది నీరు.

మూడో వారం ఆ పనే చేశాను. ముక్కలు కడిగి చిల్లుల గిన్నెలో పావుగంట ఓడ్చాను. ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే చేప మళ్లీ నీరు వదిలింది. నూలు గుడ్డతో ఒక్కో ముక్కనూ ఒత్తి తుడిచి, అప్పుడు పసుపు, కారం, మిరియాల పొడి అద్ది, పైన పలచగా బియ్యప్పిండి చల్లాను. ఇనుప పెనం బాగా కాలాక ఒక్క చెంచా నూనె రాసి ముక్కలు పరిచాను. నిమిషానికి అట్లకాడతో కదపబోతే కదల్లేదు. చెయ్యి ఆపుకున్నాను. నాలుగో నిమిషంలో అంచు చుట్టూ తెల్లటి గీత పైకి పాకింది, చిటపట సన్నబడింది, అట్లకాడ ఆనించగానే ముక్క తనంతట తానే జరిగింది. కింద తోలు ఎర్రగా, చిరగకుండా వచ్చింది. ఇన్నాళ్లూ పెనానిది తప్పనుకున్నాను, తొందర నాది.

నాలుగో వారం మట్టి వాసన. చెరువు చేపల్లో అది ఉంటుంది, పులుపు తగిలితే తగ్గుతుంది. అమ్మ మొదటినుంచీ ఉప్పు, పసుపుతో రుద్ది, పుల్ల మజ్జిగలో పది నిమిషాలు ఉంచి కడిగేది. ఆమె చెప్పినట్టే చేశాను, వాసన పోయింది. మజ్జిగ తర్వాత తుడవడం మాత్రం ఇంకా శ్రద్ధగా చేయాలి.

ఐదో వారం కొర్రమీను. ధర ఎక్కువే, కానీ ముళ్లు తక్కువ, కండ గట్టిది, తిప్పితే విరగదు. నాన్న తీరిగ్గా తినగలిగారు. ఒంటి మీది జిగట పోవడానికి రాళ్ల ఉప్పుతో రెండుసార్లు రుద్దాలి.

ఈ రోజు మళ్లీ బొచ్చె, ముగ్గురికి 600 గ్రాములు. ముప్పావు అంగుళం మందంతో కొట్టించాను. అంతకన్నా మందమైతే లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. మొత్తానికి అర చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనె. మధ్య మంట మీద ఒక వైపు నాలుగు నిమిషాలు, తిప్పి మూత పెట్టి సన్న సెగ మీద మరో నాలుగు. వెన్నుముల్లు పక్కన చెంచా మొనతో కదిపితే కండ అద్దంలా కాక తెల్లగా, పొరలు పొరలుగా విడివడాలి. దించాకే నిమ్మరసం పిండాను. ఆ పులుపు వల్ల ఉప్పు తక్కువైనట్టు తెలియలేదు. పక్కన జొన్నరొట్టె, తోటకూర, పచ్చి ఉల్లిపాయ. రొట్టె పిండిలో ఎలాగూ ఉప్పు వేయం కాబట్టి నాన్నకు అన్ని విధాలా నప్పింది.

ఆయన రెండో ముక్క అడిగి వేయించుకున్నారు. వచ్చే ఆదివారం ఇదే చేపను అరటాకులో చుట్టి కాల్చి చూస్తాను. పెరట్లో లేత ఆకు ఒకటి కోయకుండా ఉంచమని నాన్న ఇప్పటికే అమ్మతో చెప్పారు.