ఎర్రబడ్డ గోడ, హవాయి చెప్పు ముక్క

నాన్నగారు 2004లో కొన్న పెట్రోలు కారు ఇప్పుడు కాకినాడలో నా దగ్గరే ఉంది. అమ్మెయ్యమని చుట్టాలంతా చెబుతున్నా నాకు మనసొప్పదు.

పోయిన వేసవిలో ఏ వారానికో ఒకసారి పొద్దున్నే తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. కొత్త బ్యాటరీ వేయించాను. పది రోజులకు మళ్లీ అంతే. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే 14.2 వోల్టులు చూపించింది. ఇంజన్ నడిచేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ బాగానే ఇస్తోందన్నమాట. మరి రాత్రికి రాత్రి కరెంటు ఎటు పోతోంది?

అమ్మ కనిపెట్టింది. రాత్రి గేటుకు తాళం వెయ్యడానికి వెళ్లి, "ఒరే, కారు వెనక గోడంతా ఎర్రగా ఉందేంట్రా?" అని కేకేసింది. బ్రేక్ లైట్లు! తాళం నా జేబులో ఉంది, అవి మాత్రం వెలుగుతున్నాయి. ఒక్కో బల్బు 21 వాట్లు, రెండూ కలిసి మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. 35 ఏహెచ్ (ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు ఇచ్చే) బ్యాటరీకి ఒక్క రాత్రి చాలు.

టార్చి వేసి పెడల్ పైన చూశాను. పెడల్ కడ్డీకి ఉన్న చిల్లులో చిన్న ప్లాస్టిక్ బొత్తాం ఉంటుంది. కాలు తియ్యగానే అది స్విచ్ మొనను లోపలికి నొక్కి లైటు ఆర్పుతుంది. అది పెళుసుబారి సగం విరిగింది. మ్యాట్ మీద దాని పొడి వేరుశనగ పొట్టులా రాలి ఉంది. స్విచ్ మొన ఒక్కోసారి మిగిలిన ముక్కకు ఆనేది, ఒక్కోసారి చిల్లులోకి దూరిపోయేది.

ఎలక్ట్రీషియన్ బొత్తాం దొరకలేదని హవాయి చెప్పు ముక్క కోసి అక్కడ అంటించాడు. లైట్లు ఆరాయి.

తర్వాతి ఆదివారం రాజమండ్రి బయల్దేరితే, పెద్దాపురం దాటాక కారు ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కింది. దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, చెయ్యి పెట్టలేనంత వేడి. చెట్టు కింద అరగంట ఆపితే మామూలైపోయింది. బ్రేకుల మెకానిక్ చక్రం దగ్గర బ్రేకును బిగించే క్యాలిపర్‌ల సీళ్లు మార్చాడు. నాలుగో రోజు మళ్లీ పట్టేసింది.

అప్పుడు నాకు చెప్పు ముక్క గుర్తొచ్చింది. జాకీ మీద చక్రం తిప్పితే కదల్లేదు. స్విచ్ నట్టు వదులు చేశాను. పెడల్ రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది, చక్రం వేలితో తోస్తే తిరిగింది! ఆ ముక్క మందం ఎక్కువై పెడల్‌ను పూర్తిగా వెనక్కి రానివ్వలేదు. దాంతో, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో, ఆ ఆయిల్ తన ట్యాంకులోకి తిరిగి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకుపోయింది. వేడికి ఆయిల్ వ్యాకోచించేకొద్దీ బ్రేకు ఇంకా బిగుసుకునేది.

ఇద్దరూ పని తెలిసినవాళ్లే. కానీ ఒకరు లైటే చూశారు, ఇంకొకరు చక్రమే చూశారు. రెండు రోగాలకూ మూలం ఆ పెడల్ దగ్గరే ఉంది.

సరైన బొత్తాం ఇరవై రూపాయలు. అంత వేడెక్కాక పాత బ్రేక్ ఆయిల్‌ను నమ్మబుద్ధి కాలేదు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 140కే మరగొచ్చు. తీయిస్తే డికాషన్ రంగులో వచ్చింది. మొత్తం మార్పించాను.

అమ్మ ఇప్పటికీ గేటు వేసేముందు ఆ గోడ వైపు ఒకసారి చూసి వస్తుంది.