కళింగపట్నంలో నిప్పు ఆర్పడానికి పట్టిన సాయంత్రం

ముక్కనుమ నాడు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లాం. దారి గురించి చెప్పేదేముంది. బస్సు దొరక్క ఆటో మాట్లాడితే పండగ రేటని రెట్టింపు లాగాడు, సముద్రం ఒడ్డున కానాగడత చేపల బేరమూ అంతే.

పొయ్యి మాత్రం శ్రద్ధగానే పెట్టాం. సరుగుడు తోటలో నీడుంది, అక్కడే వండుదామన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. కింద రాలిన సరుగుడు ఆకు పరుపులా ఉంది, ఒక్క రవ్వ పడితే చాలు, పైగా సముద్రం గాలి తోట వైపే కొడుతోంది. దూరంగా ఖాళీ ఇసుకలోకి వచ్చి చిన్న గుంట తీసి, ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు ఇటుకలు పెట్టాం. వంశధార ఒడ్డు రాళ్లు కూడా వద్దన్నాను. ఓసారి తాటిపూడి పిక్నిక్‌లో తడి రాయితో పొయ్యి పెడితే, లోపల ఇంకిన నీరు ఆవిరై రాయి ఢామ్మని పేలింది, ముక్క వచ్చి పిన్ని చీరకు తగిలింది. అప్పట్నుంచీ నాకు అదే టెన్షన్. సన్నటి ఎండు పుల్లలే వేసి, మంట తగ్గి నిప్పులయ్యాక పులుసు దాక ఎక్కించాం. చింతపండు పులుసులో కానాగడతలు, ఆ సెగకి నెమ్మదిగా ఉడికినవి, ఇంట్లో గ్యాస్ మీద ఎప్పుడూ ఆ రుచి రాలేదు.

రాత్రికి పెద్ద మంట వేసుకుందామని పిల్లలు గొడవ చేశారు. ఈ నెలల్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, వెలుగుంటే బెదిరి వెనక్కి పోతాయి, కుదరదన్నాను. పొయ్యి మీద ఇసుక కప్పేసి లేచాం.

"ఏటి బాబూ, ఇసకెట్టీసి ఎల్లిపోతన్నారు?"

పక్కన ఎండు చేపలు ఏరుతున్న ముసలమ్మ. "నిరుడు మా మనవడు ఇలాటి కుప్ప మీదే కాలెట్టీసినాడు. రెండు నెల్లు నడవనేదు."

పుల్లతో ఇసుక కదిపింది. కింద నిప్పులు ఎర్రగా, మేం తింటున్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నాకు ఒళ్లు జలదరించింది. అక్కడ చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లలు ఎంతమందో. ఇసుక వేస్తే నిప్పు కనబడదంతే, వేడి గంటల తరబడి కిందే దాగి ఉంటుంది.

అన్నం వండిన గిన్నెతోనే సముద్రానికీ పొయ్యికీ తిరిగాం. పోయడం, కలపడం, బొగ్గులు తిరగేయడం, మళ్లీ పోయడం. బుస్సుమని ఆవిరి లేస్తూనే ఉంది. ఉద్దానంలో మా నానమ్మ గుర్తొచ్చింది. తాటాకిళ్ల వీధి, ఒక ఇల్లంటుకుంటే వరసంతా పోయేది. రోజూ పడుకోబోయే ముందు పొయ్యిలో పుల్లలు బయటికి లాగి చెంబుడు నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూసేది. అది చాదస్తమని విసుక్కునేవాణ్ణి.

ఆరో గిన్నె పోశాక మునివేళ్ల వెనకవైపు ఆనించి చూశాను, చల్లగానే ఉంది. ముసలమ్మకి నమ్మకం కుదరలేదు. వచ్చి కూర్చుని ఆ బురదలో అరచెయ్యి మొత్తం పెట్టి, అడుగుదాకా కెలికి చూసింది.

"ఇప్పుడెల్లండి" అంది.