పందిరి లేని ద్రాక్షతోట

నాన్న ద్రాక్ష రైతు. మేడ్చల్ దగ్గర మూడెకరాల్లో మాకు అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఉండేవి. ఆయన జీవితంలో వైన్ ముట్టలేదు, ముట్టాలని కోరికా లేదు. ఫ్రాన్స్‌లో నేను ఉద్యోగం చేస్తున్న లియాన్‌కు సెప్టెంబరు మొదటి వారంలో వచ్చినప్పుడు మాత్రం, "భవనాలు తర్వాత చూద్దాం. ఇక్కడి ద్రాక్షతోట ఒకటి చూపించమ్మా" అన్నారు. అలా ఇద్దరం రైల్లో అవిన్యాన్‌కు, అక్కడి నుంచి అద్దె కారులో అరగంట ప్రయాణం చేసి వైన్‌కు పేరుపడ్డ షాటోన్యూఫ్ డు పాప్ అనే ఊరికి చేరుకున్నాం.

పోపు గారి (కాథలిక్కుల మతాధిపతి) కొత్త కోట అని ఆ పేరుకు అర్థం. 1309 నుంచి 1377 వరకు పోపులు రోమ్‌ను వదిలి అవిన్యాన్‌లో ఉన్నారు. వాళ్లలో ఒకరైన ఇరవై రెండవ జాన్ ఈ గుట్ట మీద వేసవి విడిది కట్టించాడు. 1944 ఆగస్టులో వెనక్కు మళ్లుతున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చివేయగా ఇప్పుడు ఒక బురుజు గోడ మిగిలింది. దాని నీడలో నిలబడితే ఒకవైపు రోన్ నది, మరోవైపు దూరంగా వాంతూ పర్వతం, మధ్యలో ఎటు చూసినా ద్రాక్షే.

మేము వెళ్లింది ఒక కుటుంబం నాలుగు తరాలుగా చేసుకుంటున్న తోటకు. కారు దిగి రెండడుగులు వేశాక నాన్న ఆగిపోయారు. "ఏమిటమ్మా, ఏటిలో నాటారు తోట?"

నిజంగానే అక్కడ మట్టి కనబడదు. పిడికిలంత రాళ్లు, కొన్ని కొబ్బరికాయంత రాళ్లు, నున్నగా, పసుపు ఎరుపు కలిసిన రంగులో చేనంతా పరుచుకొని ఉన్నాయి. నాన్న మాటలో తప్పు లేదు. లక్షల ఏళ్ల కిందట ఆల్ప్స్ పర్వతాల నుంచి రోన్ నది దొర్లించుకొచ్చి వదిలిన రాళ్లే అవి. పగలంతా ఎండను పట్టి ఉంచి చీకటి పడ్డాక మెల్లగా వదులుతాయి. వాటి అడుగున ఉన్న ఎర్ర బంకమట్టి తేమను కాపాడుతుంది. అయితే ఊరంతా ఇలాగే ఉండదు. రాళ్లు దాదాపు లేని ఇసుక నేలలోనూ ఇక్కడ గొప్ప వైన్ వస్తుంది. షాటో రాయాస్ అనే ఇక్కడి తోట పేరు అలాంటి నేల వల్లనే నిలిచింది. అందుకే అంతా రాళ్ల మహిమే అని చెప్పేవాళ్ల మాట నేను పూర్తిగా నమ్మను.

తీగలకు పందిరి లేదు. పాత గ్రెనాష్ రకం ద్రాక్ష మొక్కలన్నీ నడుం ఎత్తు కూడా దాటకుండా పొదల్లా నిలబడి ఉన్నాయి. ఉత్తరం నుంచి వీచే మిస్త్రాల్ గాలికి పొడవైన రెమ్మలు విరిగిపోతాయి కాబట్టి ఏటా పొట్టిగా కత్తిరించి గిన్నె ఆకారంలో పెంచుతారు. ఆ పొడిగాలే గుత్తుల్లో తేమను ఆరబెట్టి బూజు పట్టకుండా చూస్తుంది. బూజు తెగులుకు ఎన్ని మందులు కొట్టామో లెక్క తెలిసిన నాన్న ఆ గాలిని కాసేపు కళ్లు మూసుకొని ఒంటికి పట్టించుకున్నారు.

ఎకరానికి దిగుబడి ఎంత అన్నది ఆయన మొదటి ప్రశ్న. హెక్టారుకు 35 హెక్టోలీటర్లు (హెక్టోలీటరు అంటే వంద లీటర్లు) దాటకూడదని నిబంధన. మన లెక్కలో ఎకరానికి పద్నాలుగు వందల లీటర్లు, అంటే దాదాపు రెండు టన్నుల కాయ. నాన్న పది టన్నులు తీసిన మనిషి. "రెండు టన్నులకే సరిపెట్టుకోమని ఎవరు చెప్పారు వీళ్లకు?" అని అడిగారు. చెప్పింది ఏ ప్రభుత్వమో అనుకున్నారు. అసలు ఇక్కడ నియమాలు మొదట పెట్టుకున్నది రైతులే.

అంతకుముందు ఈ ఊరి వైన్‌ను బుర్గుండి వర్తకులు పీపాల లెక్కన కొని తమ పలుచటి సరుకులో కలిపేసుకొనేవారు. ఊరి పేరు పెట్టుకొని నకిలీ సరుకూ అమ్ముడయ్యేది. 1923లో రైతులు షాటో ఫోర్తియా అనే తోట యజమాని, న్యాయవాది, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన బారన్ పియర్ లె రువా దగ్గరకు వెళ్లారు. ఆయన నడిపించగా వాళ్లు తమకు తామే నియమాలు రాసుకున్నారు. ఏ రకాలు నాటాలి, ఎలా కత్తిరించాలి, ఆల్కహాలు కనీసం 12.5 శాతం ఉండాలి, పాడైన గుత్తులు ఏరి పారేయాలి. లావెండర్, థైమ్ అనే రెండు సువాసన మొక్కలూ పక్కపక్కన మొలిచే బీడు నేలనే ద్రాక్షకు తగిన నేలగా గుర్తించారు. 1936లో ఇది ప్రభుత్వ ముద్ర పొందింది. ఫ్రాన్స్ దేశమంతటి వైన్ చట్టాలకు ఈ చిన్న ఊరి కట్టుబాటే దారి చూపింది. ఈనాటికీ ఇక్కడ కోత యంత్రం అడుగుపెట్టకూడదు, ప్రతి గుత్తీ చేత్తో కోయాల్సిందే.

గట్టు మీది థైమ్ రెమ్మ తుంచి నలిపి నాన్న చేతిలో పెట్టాను. "వాము!" అన్నారు వెంటనే. రెండింటి ఘాటుకూ మూలం థైమోల్ అనే ఒకే పదార్థం. ఆ పేరు తెలియకుండానే ముక్కుతో కనిపెట్టారాయన.

యజమానురాలు అరవై దాటిన మనిషి. ఒక గ్రెనాష్ పండు కోసి నోట్లో వేసుకొని గింజను పంటికింద కొరికి చూశారు. నాన్నా అదే చేశారు. గింజ గోధుమరంగుకు తిరిగి, కటుక్కుమని విరిగితే పండు ముదిరినట్టు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఒకేసారి తల పక్కకు ఊపారు, ఇంకో పది రోజులు ఆగాలని. తర్వాత నాన్న ఒక పండును పిండి చూపించారు. నల్లటి తొక్కలోంచి వచ్చిన రసానికి రంగే లేదు. ఎరుపంతా తొక్కలోదే. అందుకే రెండు మూడు వారాలు తొక్కలతో కలిపే పులియబెడతారు.

నేలమాళిగలో సిమెంటు తొట్లు, పాత చెక్క తొట్లు ఉన్నాయి. గ్రెనాష్‌కు గాలి పడదు, అందుకే చిన్న పీపాలకన్నా పెద్ద తొట్టెలే నయమని ఆవిడ వివరించారు. నాకు గ్లాసులో కొద్దిగా పోశారు. గ్రెనాష్‌తో పాటు సిరా, మూర్వెద్ర్ అనే రకాలు కలిపినది. నాన్న తాగలేదు, వాసన చూశారు. "వాము ఉంది. అతిమధురం కూడా" అన్నారు. నాకు మొదట పండిన పండు తీపి తగిలినట్టయింది, తర్వాత మిరియం, చివరికి నాలుక అంచున నేరేడు పండు తిన్నప్పటి వగరు. టానిన్ అని వాళ్లు అనేదానికి మన షడ్రుచుల్లోనే చక్కటి మాట ఉంది.

పొద్దు వాలే ముందు ఆవిడ తన తాతగారు నాటిన మడి దగ్గరకు తీసుకెళ్లారు. తొంభై ఏళ్లు దాటిన మొక్కలు. నాన్న మోకాళ్ల మీద కూర్చొని రాళ్లు తొలగించి మొదట్లో ఉబ్బెత్తు ముడిని వేళ్లతో తడిమారు. అంటు కట్టిన చోటు. 1860ల్లో వేళ్లను తినే ఫిలోక్సెరా పురుగు రోన్ లోయను ఊడ్చేసిన తర్వాత, దాన్ని తట్టుకొనే అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటుకట్టి తోటలను బతికించుకున్నారు. మన దగ్గర డాగ్‌రిడ్జ్ అనే రకం వేరు మీద అంట్లు కట్టిన నాన్న చేతులకు ఆ ముడిని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.

"వీటిని ఎప్పుడు తీసేస్తారో అడుగమ్మా" అన్నారు.

కాపు బాగా తగ్గిందనీ, కొన్నిటికి నాలుగు గుత్తులు కూడా రావనీ, అయినా తీయమనీ ఆవిడ చెప్పారు. ఒకటి ఎండిపోతే అక్కడ ఒకటి నాటుతారట. మడి మొత్తం ఎప్పుడూ ఖాళీ చేయలేదట.

నాన్న మాట్లాడలేదు. మా తోట పదిహేనేళ్లు నిండకముందే ప్లాట్లయింది. పందిళ్లు దింపి రాతి కడీలు లారీలో వేసిన రోజు ఆయన ఇంటికి రాకుండా రాత్రంతా బావి దగ్గరే ఉండిపోయారు. ఆ సంగతి ఆవిడకు అనువదించి చెప్పాలనిపించలేదు.

చీకటి పడుతోంది, గాలి చల్లబడింది. వెళ్దామని పిలిచాను. నాన్న ముసలి గ్రెనాష్ పక్కన నేల మీద కూర్చొని ఉన్నారు.

"రాళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయమ్మా" అన్నారు. "కాసేపు కూర్చో."