బూజు పట్టిన వీడియో క్యాసెట్టును వీసీఆర్‌లో పెట్టే ముందు

1990లలో తీయించిన పెళ్లి వీడియో క్యాసెట్లు బీరువా అడుగున ఉండిపోయిన ఇళ్లు మన కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలని అనుకోగానే చాలామంది ఎక్కడినుంచో పాత వీసీఆర్ తెప్పించి, ముందుగా క్యాసెట్టు ఆడుతుందో లేదో చూస్తారు. ఫంగస్ వచ్చిన టేపుకు అంతకు మించిన హాని లేదు.

ఫంగస్ ఉందో లేదో తెలుసుకోవడానికి వీసీఆర్‌తో పనే లేదు. క్యాసెట్టు కిటికీలోంచి టార్చి వేసి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న టేపు చుట్ట అంచు నల్లగా, నునుపుగా మెరుస్తుంది. మా పిన్నిగారి పెళ్లి క్యాసెట్టులో ఎడమ చుట్ట మీద సగం మేర తెల్లటి పొడి, దాని మధ్య సన్నని నూగు కనిపించాయి. కుడి చుట్ట మాత్రం శుభ్రంగానే ఉంది.

టేపు అంటే దాదాపు 20 మైక్రాన్ల మందం గల పాలియెస్టర్ పొర. దానిమీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచే జిగురు, పైన చేరిన దుమ్ము, వేళ్ల జిడ్డు బూజుకు ఆహారమవుతాయి. గాలిలో తేమ 65 శాతం దాటి చాలాకాలం నిలిస్తే అది పెరిగి, పక్కపక్క చుట్లను అంటిస్తుంది. మోటారు లాగినప్పుడు అక్కడే టేపు తెగుతుంది, లేదా పూత ఊడివస్తుంది. వీసీఆర్‌లో టేపును చదువుతూ నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ముకు అంటిన బూజు తరవాత పెట్టే మంచి క్యాసెట్టుకూ పాకుతుంది.

కాబట్టి ముందు టేపును ఆరబెట్టాలి. అప్పడాల్లా ఎండలో పెడితే టేపు వంకర పోతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలతో కొన్ని వారాలు ఉంచితే బూజు ఎండి, తేలికగా రాలే పొడిగా మారుతుంది, చావదు, నిద్రపోతుందంతే. తరవాత ఎన్‌95 మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఫ్యాను లేని వరండాలో అడుగునున్న అయిదు స్క్రూలు విప్పి, టేపు వెళ్లే దారిని ఫోటో తీసుకుని, నూగు రాలని మెత్తని పొడిగుడ్డ మధ్యగా టేపును చేత్తో నెమ్మదిగా చుట్టాలి. నోటితో ఊదకూడదు, డెట్టాలు, నీళ్లు తగలనివ్వకూడదు. పాత డొక్కును, అంటే క్యాసెట్టు పై ప్లాస్టిక్ పెట్టెను, కడిగి వాడటం కన్నా, చుట్టలను వేరే శుభ్రమైన డొక్కులోకి మార్చడమే నాకు సులువనిపించింది.

ఇంతచేసినా టేపు రెండోసారి ఆడుతుందన్న హామీ లేదు కనుక, మొదటిసారి వీసీఆర్‌లో పెట్టేటప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి రికార్డింగు మొదలుపెట్టి ఉంచాలి.