పెర్సెపోలిస్‌లో కావడి మోస్తున్న మనిషి

షిరాజ్‌లో మాకు కారు మాట్లాడిపెట్టిన ఏజెంటు పాతకాలపు పర్షియా రాజుల శిథిలాలున్న పెర్సెపోలిస్, నక్ష్-ఎ-రుస్తం, పసార్గాడ్ మూడూ ఒక్క రోజులో చూపించేస్తానన్నాడు. పెర్సెపోలిస్‌కి రెండు గంటలు చాలట. ఉన్నవి రాళ్లే కదా అన్నాడు. డబ్బు మాత్రం రోజంతటికీ కలిపి ముందే పుచ్చుకున్నాడు. ఇరాన్‌లో మన కార్డులు పనిచెయ్యవు, అంతా నోట్ల కట్టలే. ధర రియాళ్లలో రాస్తారు, నోటితో తోమాన్లలో చెప్తారు. పది రియాళ్లు ఒక తోమాన్. ఆ ఒక్క సున్నా కోసం ప్రతి దుకాణంలో నిలబడి మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చేది. పెర్సెపోలిస్ గేటు దగ్గర టికెట్టు కూడా అంతే, అక్కడివాళ్లకి ఒక రేటు, మనకి దానికి ఎన్నో రెట్లు. ఇంత పోసి రెండు గంటల్లో బయటికి రమ్మంటే నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం "ముందు లోపలికి వెళ్దాం పద" అన్నారు.

ఊరివాళ్లు పెర్సెపోలిస్‌ని తఖ్త్-ఎ-జంషీద్ అంటారు. మర్వ్‌దష్త్ దాటాక కొండ పక్కన కనిపిస్తుంది. కొండవాలును చెక్కి, పల్లంగా ఉన్నచోట రాళ్లతో పూడ్చి, సుమారు 450 మీటర్ల పొడవు, 300 మీటర్ల వెడల్పున అరుగు కట్టారు. క్రీ.పూ. 518 ప్రాంతంలో పర్షియా రాజు మొదటి దరియస్ మొదలుపెట్టాడు. కొడుకు జెర్క్సిస్, మనవడు అర్తజెర్క్సిస్ కొనసాగించారు. పెద్ద రాళ్ల మధ్య సున్నం లేదు. అంచులు సరిగ్గా కలిసేలా చెక్కి, ఇనుప బందాలు వేసి సీసం పోశారు. ఆ లోహం కోసం తర్వాతికాలం వాళ్లు తొలిచిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాననీళ్లు పోవడానికి అరుగు కింద ముందే కాలవలు తవ్వి, ఆ తర్వాతే పైన కట్టడాలు లేపారని గైడ్ చెప్పింది.

గైడ్ అంటే పురాతత్వం చదువుకున్న చిన్నపిల్ల, గేటు దగ్గర దొరికింది. ఇంగ్లీషు బాగా మాట్లాడుతోంది. మెట్ల దగ్గరే నాకు ఆ అమ్మాయి నచ్చింది. పైకి 111 మెట్లు. ఒక్కోటి పది సెంటీమీటర్ల ఎత్తు మించదు. ఒకే బండలోంచి నాలుగైదు మెట్లు చెక్కారు. గుర్రాలు ఎక్కడానికని అందరూ చెప్పే కథ ఆమె చెప్పలేదు. "మీరే ఎక్కి చూడండి, ఎందుకో తెలుస్తుంది" అంది. ఎక్కాను. ఆయాసం రాలేదు. నేలకు జీరాడే బట్టలతో, చేతుల్లో కానుకలతో వచ్చేవాళ్లు తొట్రుపడకుండా, మాట్లాడుకుంటూ ఎక్కడానికే ఈ మెట్లని నాకు అనిపించింది.

పైన జెర్క్సిస్ కట్టించిన సర్వదేశాల ద్వారం. మనిషి తల, ఎద్దు ఒళ్లు, రెక్కలు ఉన్న కాపలా విగ్రహాలు. వాటి మీద పేర్లు చెక్కేసి ఉన్నాయి. మన దగ్గర కోట గోడల మీద బొగ్గుతో రాసే కుర్రాళ్లను తిడతాం. ఇక్కడ పేర్లు చెక్కింది దొరలు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక విలేకరి స్టాన్లీ 1870లో, బ్రిటిష్ రాయబారి జాన్ మాల్కం 1800లో. ఈ మాల్కం అంతకు రెండేళ్ల ముందు మన హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు దగ్గర అసిస్టెంటు. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా వచ్చి, రెండు వేల ఏళ్లు దాటిన రాతి మీద అందంగా, లోతుగా తన పేరు చెక్కించుకున్నాడు. చూస్తుంటే నిజంగా కోపం వచ్చింది.

ఈలోగా డ్రైవరు ఫోన్ల మీద ఫోన్లు.

అపదానా, అంటే రాజు కొలువు తీరే హాలు. 72 స్తంభాల్లో 13 నిలబడి ఉన్నాయి. ఒక్కోటి ఇరవై మీటర్ల ఎత్తు. అందరూ వాటి కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను తూర్పు మెట్ల దగ్గర ఆగిపోయాను, మళ్లీ కదలబుద్ధి కాలేదు. ఎండకీ వానకీ పాడవకుండా పైన రేకులు వేశారు. ఆ నీడలో గోడ మీద 23 జాతుల వాళ్లు కానుకలతో వరసగా నడుస్తుంటారు. ఒక్కో బృందానికీ మధ్య ఒక సరుగుడు లాంటి సైప్రస్ చెట్టు. ముందున్న నాయకుణ్ణి ఒక అధికారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటాడు. గొలుసులు లేవు, తెగిన తలలు లేవు. వీళ్లకంటే ముందు ఇరాక్ ప్రాంతాన్ని ఏలిన అస్సిరియా రాజులు తమ గోడల నిండా అవే చెక్కించుకున్నారు.

మనవాళ్ల బృందం, అంటే సింధు ప్రాంతం వాళ్లు, పద్దెనిమిదోది. ముందున్నాయన కాళ్లకు చెప్పులున్నాయి. వెనక వాళ్లవి వట్టి కాళ్లు, మొల చుట్టూ పంచెలాంటి గుడ్డ. వాళ్లలో ఒకడి భుజం మీద కావడి! మా ఊళ్లో పాలేరు చెరువు నుంచి నీళ్లు తెచ్చినట్టే, కర్రకి అటో బుట్ట ఇటో బుట్ట. బుట్టల్లో చిన్న చిన్న సంచులు. బంగారు పొడి అయివుంటుందంటారు. హిందూ దేశపు వాళ్లు దరియస్‌కి ఏడాదికి 360 టాలెంట్ల (టాలెంటు అప్పటి తూకం) బంగారు పొడి కట్టేవాళ్లని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. వెనకాల ఒకడు గాడిదను తోలుకొస్తున్నాడు, ఇంకొకడి చేతిలో గొడ్డళ్లు. కావడి మోస్తున్నవాడి ముఖం దగ్గర్నుంచి చూశాను. పెదాలు బిగించి ఉన్నాయి. భుజం మీద బరువు రాతిలో తెలిసిపోతోంది.

అన్నీ ఇలా కానుకలుగా వచ్చినవేనా, ఈ కట్టడాలు కట్టినవాళ్ల సంగతేంటని గైడ్‌ని అడిగాను. అప్పుడు మొదలైంది అసలు వాదన. "ఇక్కడ బానిసలు లేరు, అందరికీ కూలి ముట్టింది" అంది గర్వంగా. దానికి ఆమె దగ్గర ఆధారం ఉంది. 1933లో ఇక్కడే కోట గోడలోని గదుల్లో వేలకొద్దీ మట్టి పలకలు దొరికాయి. ఎలామైట్ అనే అక్కడి పాత భాషలో రాసిన రేషన్ లెక్కలు, క్రీ.పూ. 509 నుంచి 493 దాకా. ఎవరికి ఎంత ధాన్యం, ఎంత బీరు, ఎంత ద్రాక్ష సారా, అన్నీ ఉన్నాయి. ఖజానాలో దొరికిన తర్వాతి పలకల్లో రాతిపనివాళ్లకీ, వడ్రంగులకీ రేషన్ బదులు వెండి ఇచ్చినట్టు కూడా ఉంది.

నేనొప్పుకోలేదు. తిండి పెట్టినంత మాత్రాన స్వేచ్ఛ ఇచ్చినట్టేనా? ఆ పలకల్లోనే ఈజిప్టు వాళ్లు, బాబిలోను వాళ్లు, ఇప్పటి టర్కీ వైపు లిసియా వాళ్లు, గ్రీసు ఉత్తరాన థ్రేస్ వాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. అంత దూరం నుంచి సొంత ఇష్టంతో వచ్చినవాళ్లు ఎందరు ఉంటారు? ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అది నిజమే, అందర్నీ ఒకేలా చెప్పలేం" అంది. వెంటనే ఇంకో లెక్క చెప్పింది. ఆడ కూలీల గుంపుల మీద పెత్తనం చేసే ఆడవాళ్లకి మామూలు మగ కూలీ కంటే ఎక్కువ రేషన్ ఉండేదట. పురుడు పోసుకున్నవాళ్లకి అదనంగా ఇచ్చేవాళ్లు. కొడుకు పుడితే మాత్రం కూతురు పుట్టినదానికి రెట్టింపు! రెండున్నర వేల ఏళ్ల నాటి లెక్క. ఇద్దరం ఒకేసారి పళ్లు కొరుక్కున్నాం. మా ఆయన పక్కకి వెళ్లి డ్రైవరుతో మాట్లాడుతున్నట్టు నటించారు.

ఆ తర్వాత గైడ్ మమ్మల్ని నూరు స్తంభాల మంటపానికి ఉత్తరంగా ఒక మూలకి తీసుకెళ్లింది. పూర్తికాని ద్వారం. జనం అటు రారు. ఇక్కడ రాళ్లు సగం చెక్కి వదిలేశారు, నునుపు చెయ్యలేదు, ఉలి దెబ్బలు వరసగా కనిపిస్తున్నాయి. వేలు పెడితే గాడి తెలుస్తోంది. ఎవడో చేతిలోని పని ఆపేసి లేచి వెళ్లినట్టుంది. మిగతా చోట్ల అద్దంలా నునుపు చేసిన రాయి రాజు గొప్ప చెప్తోంది. పనివాడి చెయ్యి నాకు కనిపించింది ఇక్కడే. క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ వచ్చి నగరం కాల్చేశాక ఇలాంటివి పూర్తి చేసే నాథుడే లేడు. ఖజానా తరలించడానికి పదివేల జతల కంచరగాడిదలు, అయిదు వేల ఒంటెలు కావలసివచ్చాయని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

ఆ మట్టి పలకలు కూడా దేశం దాటాయి. చదవడానికని 1930లలో షికాగో తీసుకెళ్లి, విడతలు విడతలుగా తిరిగిచ్చారు. ఇరాన్ నుంచి రావలసిన నష్టపరిహారం కింద వాటిని ఇప్పించమని బాంబు దాడి బాధితులు అమెరికా కోర్టుల్లో వేసిన దావా 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరాన్ పక్షానే తీర్పు వచ్చింది. మరుసటి ఏడాది 1,783 పలకలు వెనక్కి వచ్చాయి. ఇది చెప్పేటప్పుడు ఆ అమ్మాయి గొంతు మారింది. సంతోషం, ఆలస్యమైందన్న బాధ, రెండూ ఉన్నాయి.

పసార్గాడ్ మానుకున్నాం. డ్రైవరు దారి పొడవునా మూతి ముడుచుకున్నాడు, మేమూ మాట్లాడలేదు. నక్ష్-ఎ-రుస్తంలో కొండకి చెక్కిన దరియస్ సమాధి కింద కాసేపు నిలబడి వచ్చేశాం. డబ్బు వెనక్కి అడిగితే ఏజెంటు నవ్వి ఊరుకున్నాడు.

వెళ్లాల్సింది ఇంకోటి మిగిలిపోయింది, దరియస్ ఇంకో రాజధాని సూసా. అక్కడి రాజభవనం ఎవరు కట్టారో దరియస్ శాసనం వేయించాడు. దేవదారు లెబనాన్ నుంచి, బంగారం ఇప్పటి టర్కీలోని సార్డిస్ నుంచీ, అఫ్గానిస్తాన్ వైపు బాక్ట్రియా నుంచీ, దంతం ఇథియోపియాతో పాటు సింధు నుంచి. ఇటుకలు చేసింది బాబిలోను వాళ్లు, రాళ్లు చెక్కింది గ్రీకులూ సార్డిస్ వాళ్లూ. రాజు తన శాసనంలో పనివాళ్ల ఊళ్లు చెప్పడం నాకు చాలా నచ్చింది, పేర్లు చెప్పకపోయినా. మళ్లీ ఇరాన్ వెళ్తే అహ్వాజ్ మీదుగా ముందు సూసాకే. కారు మాత్రం ఏజెంటు లేకుండా మేమే మాట్లాడుకుంటాం.