చిన్న పరికరాల కోసం సీబార్

సెన్సార్ కొలతలను జేసన్‌లో (JSON, డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) పంపితే చదవడానికి హాయిగానే ఉంటుంది గానీ, బ్యాటరీతో నడిచే పరికరానికి పంపే ప్రతి బైటూ ఖర్చే. అందుకే నేను సీబార్ (CBOR) వైపు మొగ్గాను; ఇది అలాంటి డేటానే అక్షరాలకు బదులు క్లుప్తమైన బైట్లుగా రాసే పద్ధతి. 2013లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 7049గా వెలువడిన ఈ పద్ధతికి ఇప్పటి ప్రమాణం 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8949.

ఇందులో ప్రతి అంశమూ ఒక తొలి బైటుతో మొదలవుతుంది. దాని పై 3 బిట్లు అది ఏ రకమో చెబుతాయి, మిగిలిన 5 బిట్లు విలువనో, పొడవునో, తర్వాత ఎన్ని బైట్లు చదవాలో సూచిస్తాయి. కనుక 0 నుంచి 23 వరకు పూర్ణాంకాలు ఒక్క బైటులోనే ఇమిడిపోతాయి. 27.5 డిగ్రీల ఉష్ణోగ్రతను పదింతలు చేసి 275గా, నాలుగు ఆంగ్లాక్షరాల పేరుతో జేసన్‌లో రాస్తే 12 బైట్లు పడుతుంది. పేరుకు బదులు 1 అనే అంకెను కీగా పెట్టి సీబార్‌లో రాస్తే 5 బైట్లే. నా దృష్టిలో అసలైన పొదుపు ఈ అంకెల కీలలోనే ఉంది.

సీ భాషలోని టైనీసీబార్ లైబ్రరీలో ఎన్‌కోడర్‌కు, అంటే డేటాను సీబార్‌గా మార్చే భాగానికి, బఫర్‌ను (ఫలితాన్ని రాసుకునే మెమరీని) మనమే ఇవ్వాలి. అది చాలకపోతే ఎర్రర్ కోడ్ వస్తుంది, ఇంకా ఎన్ని బైట్లు కావాలో కూడా అడిగి తెలుసుకోవచ్చు. ఒకసారి నేను ఆ కోడ్‌ను పరీక్షించకుండా వదిలేసినందున, కొత్త కొలతలు చేర్చిన రోజున చెడిపోయిన సందేశాలు వెళ్లి, సర్వరు వాటిని విప్పలేకపోయింది. అప్పటినుంచి లైబ్రరీ ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ దాని ఫలితాన్ని తప్పక చూస్తున్నాను.