అటక మీది విగ్రహాన్ని అమ్మే ముందు

విశాఖ వన్‌టౌన్‌లో పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు అటక మీంచి పంచలోహ విగ్రహమో, తాళపత్రాల కట్టో దిగడం వింతేం కాదు. పాత సామాన్ల వ్యాపారికి చూపించే ముందు 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం సంగతి చూసుకోండి.

వందేళ్లు దాటిన విగ్రహం, చిత్రం, నాణెం పురావస్తువు కిందికి వస్తాయి. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు చాలు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. కానీ రాతి, లోహ, దంతపు శిల్పాలు, పాత చిత్రాలు రిజిస్టర్ చేయించాలి. దరఖాస్తుతో ఫొటోలు ఇవ్వాలి. చాలామంది ముందువైపు ఒక్క ఫొటో తీసి ఊరుకుంటారు. రేపు దొంగతనం జరిగితే ఆనవాలు పట్టించేవి వెనకవైపు, పీఠం, విరిగిన వేలు, చెక్కిన అక్షరాలే. అన్నట్టు, చింతపండుతో తోమి మెరిపించకండి. ఆ నల్లటి పొర వయసుకు సాక్ష్యం.

రిజిస్టరైన వస్తువును దేశంలో అమ్మవచ్చు, చేతులు మారిన సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలపాలి. వ్యాపారంగా చేస్తే లైసెన్సు తప్పనిసరి. విదేశానికి మాత్రం ప్రైవేటు వ్యక్తులు పంపకూడదు. అమెరికాలోని అబ్బాయికి కానుకగా పంపినా అది ఎగుమతే. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, పైన జరిమానా.

పునాది తవ్వకంలో దొరికితే లెక్క వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే (అవును, ఇప్పటికీ పదే!) ఏం దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.